విశాఖా, అనంతపురమా? కాపురం మార్చేవారికి తిరుగులేని చిట్కాలు

హైదరాబాద్‌లో అద్దె మళ్లీ పెరిగింది. ఆఫీసు వాళ్లేమో ఇంటి నుంచే పనిచేసుకోమన్నారు. ఆయనది అనంతపురం, ఆవిడది విశాఖపట్నం. ఇంకేం, భోజనాల దగ్గర చర్చ మొదలు. ఇలాంటి చర్చ మొదలైన ప్రతి ఇంట్లోనూ జనం చేసే పొరపాటు ఒకటే, ఏ ఊరు మంచిదో కనుక్కుందామని కూర్చోవడం. అదంతా వృథా ప్రయాస. ఊరు బాగుంటే మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లు ఉండరు. బాగోకపోతే తిట్టడానికి ఇంటిల్లిపాదీ సిద్ధంగా ఉంటారు. అందుకని రేపు ఆ తిట్లు ఎవరి మీదకు మళ్లించాలో ముందు తేల్చుకోండి. ఊరి సంగతి దాని పాటికి అదే తేలుతుంది.

రెండూ ఒకే రాష్ట్రం కదా, అంత తేడా ఏముంటుందనుకునేవారికి ఒక్క మాట. విశాఖలో ఉతికిన చొక్కా వానాకాలంలో రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. అనంతపురంలో తీగ మీద వేసి క్లిప్పు వెతుక్కునేలోపు ఆరిపోతుంది. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే విశాఖలో దానికి రెట్టింపు దాకా కురుస్తుంది. మధ్య దూరం ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. ఇంత తేడా ఉన్న రెండు ఊళ్ల మధ్య తప్పు నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా సులువు. దాన్ని పద్ధతిగా తీసుకోవడంలోనే ఉంది నేర్పు.

1. తీర్పు ముందు రాసుకోండి, విచారణ తర్వాత జరపండి.

మీకు అనంతపురం వెళ్లాలని ఉంది. కారణం పెద్దదేం కాదు. పొద్దున్నే అమ్మ ఉగ్గాని చేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ప్లేటు చేతికిస్తుంది. ఈ మాట పైకి అనకండి. ఎక్సెల్ తెరవండి. నిలువు గడుల్లో రెండు ఊళ్లు, అడ్డు వరసల్లో బడి, ఆసుపత్రి, అద్దె, నీళ్లు, వాతావరణం, ఉద్యోగాలు. ఒక్కోదానికి పది మార్కులు. నిజాయతీగా వేసుకుంటూ పోతే విశాఖ గెలుస్తుంది. కంగారుపడకండి. అడుగున "కుటుంబ విలువలు" అని ఇంకో వరస చేర్చి దానికి అరవై మార్కులు కేటాయించండి. అందులో విశాఖకు పన్నెండు, అనంతపురానికి యాభై ఎనిమిది. "ఇదేమిటండీ?" అని ఆవిడ అడిగితే "వెయిటేజీ" అనండి. ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు.

అద్దె వరసలో ఇంకో మెళకువ ఉంది. విశాఖ గడిలో బీచ్ రోడ్డు మీద సముద్రం కనపడే ఫ్లాటు అద్దె వేయండి. అనంతపురం గడిలో మీ నాన్నగారి మిద్దె మీద గది అద్దె వేయండి, అంటే సున్నా. సమానమైన వాటినే పోల్చాలని బడిలో చెప్పారు నిజమే. బడిలో చెప్పినవన్నీ పాటించి ఉంటే ఈపాటికి మనం కలెక్టర్లమై ఉండేవాళ్లం, ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పోయేవాళ్లం, ఈ తలనొప్పే ఉండేది కాదు.

ఇల్లాళ్లకు: ఆయన ఆ షీటు మీకు వాట్సాప్‌లో పంపిస్తారు, పంపించి మురిసిపోతారు. మీరు "అత్తగారు" అని మరో వరస చేర్చండి. ఎక్సెల్ మైనస్ మార్కులు కూడా తీసుకుంటుంది.

2. ఊరు చూపించే నెల మీ చేతిలో ఉంది.

ఒకసారి వెళ్లి చూసొద్దాం అంటుంది ఆవిడ. తప్పకుండా అనండి. విశాఖకు మే నెలలో టికెట్లు తీయండి. అక్కడ ఎండ మరీ ఎక్కువేం ఉండదు, ఉక్కపోత ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆర్కే బీచ్‌లో అందరినీ నిలబెట్టి గ్రూపు ఫొటో తీయండి. ఫ్రేము కుదరలేదని ఇంకోసారి తీయండి. పిల్లవాడి చొక్కా వీపుకు అంటుకుపోయాక "ఏరా, నచ్చిందా?" అని అడగండి.

ఆవిడ అప్పటికీ లొంగకపోతే హుద్‌హుద్ ఉంది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు వంగాయి, విమానాశ్రయం పైకప్పు ఊడింది. ఆ ఫొటోలు ఫోనులో ముందే దాచుకుని, ఆవిడ ముంత మసాలా తింటూ "హాయిగా ఉంది కదండీ" అన్న క్షణాన బయటికి తీయండి. ఆ తర్వాత నగరం ఎంత త్వరగా కోలుకుందో చెప్పే ఫొటోలు కూడా ఉంటాయి. వాటికి ఫోనులో జాగా లేదు.

అనంతపురానికి మాత్రం డిసెంబరులో తీసుకెళ్లండి. సముద్ర మట్టానికి వెయ్యి అడుగులకు పైన ఉన్న ఊరు. తెల్లవారుజామున స్వెటర్ వేసుకుని టవర్‌క్లాక్ దాకా నడిపించండి, కాఫీ తాగించండి, పది గంటలకల్లా రైలెక్కించండి. ఏప్రిల్‌లో అక్కడ 40 డిగ్రీలు దాటే సంగతి మీరుగా చెప్పకండి. ఏప్రిల్ వచ్చినప్పుడు ఏప్రిలే చెప్పుకుంటుంది.

ఈ చిట్కాను ఆడవారు తిరగేసి వాడుకోవచ్చు. విశాఖకు జనవరిలో, అనంతపురానికి మే రెండో వారంలో, అదీ మేనత్త కూతురి పెళ్లికి, పట్టుచీరలో, షామియానా కింద.

3. గొప్పలన్నీ ఉమ్మడి జిల్లా లెక్కన చెప్పండి.

2022 ఏప్రిల్ 4 అనే తేదీ మీరు పూర్తిగా మరచిపోవాలి. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, బోలెడుమంది అల్లుళ్ల గొప్పలు పక్క జిల్లాకు వెళ్లిపోయాయి. "లేపాక్షి బసవన్న మాది, ధర్మవరం పట్టు మాది, పుట్టపర్తి మాది, పెనుకొండ దగ్గర కియా కార్లు మావి" అని మీరు వేళ్లు మడిచి లెక్కపెడతారు. అవన్నీ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లావి. మీ వాటాకు గుత్తి కోట, తాడిపత్రి గుళ్లు, గుంతకల్లు జంక్షన్ మిగిలాయి. అవి మంచివే గానీ, కియాను చూపించి ఊరు మార్పించినట్టు గుంతకల్లు జంక్షన్ చూపించి మార్పించడం కష్టం. కాబట్టి తడబడకుండా పాత లెక్కే చెప్పండి.

ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? అరకు లోయ అంటుంది, బొర్రా గుహలు అంటుంది. రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లా. అనకాపల్లి బెల్లం అంటుంది, అనకాపల్లి ఇప్పుడు సొంతంగా ఒక జిల్లా. భోగాపురం విమానాశ్రయం అంటుంది, అది విజయనగరం జిల్లా. ఆవిడ జాబితాకు కొత్త సరిహద్దులు, మీ జాబితాకు పాత సరిహద్దులు వర్తింపజేయండి.

ఈ వాదన ఎంత వేడిగా సాగితే అంత మేలు. కాపురానికి బసవన్నా అక్కర్లేదు, బొర్రా గుహలూ అక్కర్లేదు. బడి బస్సు వీధిలోకి వస్తుందా, కుళాయి రోజు విడిచి రోజైనా వస్తుందా, రాత్రి జ్వరమొస్తే మందుల షాపు తెరిచి ఉంటుందా, అక్కరకొచ్చేవి ఇవి. వీటిని ఎవరూ లేవనెత్తకుండా రెండు వారాలు నెట్టుకురావడానికే బసవన్న.

4. ఇద్దరు తల్లులకూ మాటివ్వండి.

సాయంత్రం అనంతపురానికి ఫోను: "అమ్మా, వచ్చేస్తాండాం." రాత్రి విశాఖలో సీతమ్మధారకు ఫోను: "అత్తయ్యగారూ, ఇక మీ కళ్ల ముందే ఉంటాం." వారం తిరక్కుండా అనంతపురంలో మిద్దె మీద గదికి సున్నం పడుతుంది. అటక మీద పాత మంచం దిగుతుంది, దానికి కొత్త నవారు అల్లిస్తారు. సీతమ్మధారలో మామగారు పై పోర్షను బాత్రూములో గీజరు పెట్టిస్తారు, దానికోసం హాలు గోడ మీదుగా పైపు లాగిస్తారు, ఆ పైపు కనపడకుండా సింహాచలం అప్పన్న క్యాలెండరు తగిలిస్తారు. పైపు క్యాలెండరుకు రెండు అంగుళాలు బయటికే ఉంటుంది. ఆ రెండు అంగుళాలు మామగారికి పదేళ్లపాటు చెప్పుకోవడానికి సరిపోతాయి.

డబ్బు ఖర్చుపెట్టాక ఎవరూ వెనక్కి తగ్గరు. మీకు కావలసిందీ అదే.

ఇద్దరూ ఫోనులో ఏమంటారో ముందే చెబుతున్నా, రాసుకోండి. మీ అమ్మ: "నాదేముంది నాయనా, మీరు యాడుంటే ఆడ బాగుండండి. ఈ ఉగాదికి నేనుంటానో ల్యానో." అత్తగారు: "మాదేటుంది బాబూ, మీ ఇష్టం. మీ మావగారికే రాత్రుళ్లు నిద్దర పట్టట్లేదు." రెంటికీ అర్థం ఒకటే, రెంటికీ జవాబూ ఒకటే. ఏ వైపు ఓడినా ఆ వైపు వాళ్లకు ఇలా చెప్పండి: "నేను మీ దగ్గరికే వద్దామన్నాను, తనే ఒప్పుకోలేదు." ఈ వాక్యం రెండు ఊళ్లలోనూ చెల్లుతుంది. కంఠతా పట్టండి. అద్దం ముందు సాధన చేయండి, చివర్లో చిన్న నిట్టూర్పు పడాలి.

5. పిల్లలను అడగండి.

బీచ్ అంటారు. "పిల్లలకేం తెలుసు" అని కొట్టిపారేయండి. అనంతపురం అంటే కుక్కను పెంచుకోనిస్తామనండి. మాట మార్చి అనంతపురం అంటారు. "పిల్లల అభిప్రాయం గౌరవించాలి" అనండి.

6. ఊరిని సాకుల లెక్కన తూచండి.

ఇంటి నుంచి పనిచేసేవాడికి గాలి, నీరు, బడి అన్నీ రెండో వరస విషయాలు. మొదటి వరసలో ఉండేది మీటింగు ఎగ్గొట్టడానికి ఆ ఊళ్లో ఏం దొరుకుతుందన్నది. ఈ లెక్క ఎవరూ వేయరు, అందుకే అందరూ మంచి ఊళ్లకు వెళ్లి సోమవారం పొద్దున్నే లాగిన్ అవుతుంటారు.

విశాఖలో సాకులు ఘనమైనవి గానీ కాలానుగుణం. "అల్పపీడనం అండీ, వైఫై పోయింది" అంటే మేనేజరు జాలి కూడా పడతాడు. అయితే అల్పపీడనాలకు ఒక సీజను ఉంటుంది, పైగా అవన్నీ వార్తల్లో వస్తాయి, బెంగళూరులో కూర్చున్న మేనేజరు వాతావరణ శాఖ పేజీ తెరిచి చూడగలడు. అనంతపురం సాకులు చిన్నవి, నికరమైనవి. ట్రాన్స్‌ఫార్మరు, బోరు మోటారు కాలడం, నీళ్ల ట్యాంకరు వచ్చింది దగ్గరుండి పట్టించుకోవాలి, పక్కింటి వాళ్ల గృహప్రవేశం మైకు. వీటిని ఏ ఉపగ్రహమూ ఫొటో తీయలేదు. సాకు పెద్దదైతే ఒకసారే పనిచేస్తుంది, చిన్నదైతే వారానికి రెండుసార్లు వాడుకోవచ్చు. ఈ ఒక్క వరసలో నేనైతే అనంతపురానికి పదికి పది వేస్తాను, అదీ నిజాయతీగా.

అందుకే ఇల్లు చూసేటప్పుడు ఫైబర్ కనెక్షను ఉందా అని అడక్కండి. ఉందంటే ఏం చేస్తారు?

7. దూరాలను ఇష్టం వచ్చినట్టు సాగదీయండి.

మీ ఊళ్లో లేనిదేదైనా ఆవిడ ఎత్తిచూపితే "బెంగళూరు పక్కనే" అనండి. పెద్ద ఆసుపత్రి? బెంగళూరు పక్కనే. విమానం? బెంగళూరు పక్కనే. మంచి సంగీతం మాస్టారు? చెప్పక్కర్లేదు. ఆ పక్కన అన్నది జాతీయ రహదారి 44 మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. గుండెనొప్పి వచ్చినవాడికి అది పక్కన ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే "మా ఊళ్లో ఎవరికీ గుండెనొప్పులు రావు, రాగిసంగటి తింటారు" అనేయండి.

విశాఖకు మాత్రం కిలోమీటర్లు పూర్తిగా లెక్కపెట్టండి. హైదరాబాద్ నుంచి ఆరు వందల పైన. వందేభారత్ 2023 జనవరి నుంచి సికింద్రాబాద్ – విశాఖ మధ్య తిరుగుతోంది కదా అని ఆవిడ గుర్తుచేస్తే, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన కాచిగూడ – యశ్వంత్‌పూర్ వందేభారత్ అనంతపురంలో ఆగుతుందని చెప్పండి. ఈ రెండు రైళ్లలో ఏదీ మీరు ఎక్కబోరు. చార్జీ చూశాక గరుడ బస్సే చాలంటారు.

8. ఇల్లు ఫొటోల్లోనే చూడండి.

విశాఖ ఖాయమైతే "సీ వ్యూ" అని రాసిన ప్రకటనకే ఫోను చేయండి. సముద్రం ఎక్కడి నుంచి కనపడుతుందని అడిగి బ్రోకరును ఇబ్బంది పెట్టకండి. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎక్కి, తూర్పుకు తిరిగి, పక్క అపార్ట్‌మెంటు లిఫ్టు గదికి ఎడమగా చూస్తే నీలంగా ఒక గీత కనపడుతుంది. ఆ గీతకు నెలనెలా అదనంగా కట్టండి. బీచ్‌కు బాగా దగ్గరగా దొరికితే మరీ మంచిది. ఉప్పుగాలికి ఏసీ బయటి పెట్టె, గేటు, స్కూటరు సైలెన్సరు అన్నీ రెండేళ్లలో తుప్పుపట్టి, మారుస్తూ ఉండే పని దొరుకుతుంది. డబ్బులు చాలక పెందుర్తి వైపు తీసుకున్నారా, అదీ మేలే. బీచ్‌కు హైదరాబాద్ చుట్టాలు వచ్చినప్పుడే వెళతారు, అందువల్ల దాని మీద మోజు తగ్గదు.

అనంతపురమైతే నీళ్ల గురించి ఒక్క ముక్క అడక్కండి. ఊరికి పెన్న అహోబిలం రిజర్వాయరు నుంచి తాగునీరు వస్తుంది, అది మన సందులోకి వస్తుందా, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ఇల్లుగలాయనను అడిగితే ఆయన నిజం చెప్పే ప్రమాదముంది. నిజం తెలిస్తే అద్దె తగ్గించమని అడగాలి, అడగడమంటే మొహమాటం. చేరాక బోరు నీళ్లు పట్టండి. నెల రోజుల్లో హీటరు కడ్డీ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, బకెట్టు అంచున ఎంత తోమినా పోని గీత పడుతుంది, తలకు షాంపూ నురగ రాదు. అప్పుడు ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించండి. క్యాను ఎత్తి స్టాండు మీద పెట్టాల్సి వచ్చినప్పుడు నడుము పట్టేసిందనండి.

9. ఊరు తేలకముందే స్థలం కొనండి.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటర్ కోసం 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. డేటా సెంటర్ అంటే కంప్యూటర్లు ఉండే చోటు, మనుషులు పెద్దగా అవసరం లేని చోటు, మీ ఉద్యోగానికి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా కొనండి. బ్రోచరులో "విమానాశ్రయానికి 20 నిమిషాలు" అని ఉంటుంది, ఏ వాహనంలో అన్నది ఉండదు. ఈసీ తీయించండి, లేఅవుట్ అనుమతి చూడండి అని లాయరు బావగారు అంటారు. ఆయనకు మనం బాగుపడటం ఇష్టం లేదు. ఈఎంఐ మొదలయ్యాక అనంతపురం వెళ్లండి.

10. పిల్లల చదువుకు సరిగ్గా అడ్డం తగిలే నెలలో కదలండి.

ఈ చిట్కా దగ్గర కాస్త నిదానించాలి, ఎందుకంటే ఇందులో ప్రభుత్వం కూడా మనకు తోడ్పడుతుంది. కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ లెక్క సాదాగా ఇదీ: అర్హత పరీక్ష రాసేనాటికి వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంతం. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. అనంతపురం శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. చూశారా, మన ముగ్గురు అభ్యర్థులూ మూడు వేర్వేరు గడుల్లో ఉన్నారు. ఇంత వీలు అందరికీ దొరకదు.

అబ్బాయి తొమ్మిది, పది హైదరాబాద్‌లో చదివాడా? ఇంటర్ మొదటి ఏడాది విశాఖలో చేర్పించండి. "ఉక్క పడట్లేదు" అనే కారణం మీద రెండో ఏడాది అనంతపురం మార్చండి. ఇప్పుడు వాడు ఎక్కడి లోకలో తేల్చడానికి ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు బయటికి తీయాలి. కౌన్సెలింగ్ తేదీ దగ్గర పడుతుంటే మీరు అటు మీసేవలో, ఇటు వార్డు సచివాలయంలో, మధ్యలో రెండు రాష్ట్రాల బోర్డుల చుట్టూ తిరుగుతుంటారు. పిల్లవాడి భవిష్యత్తు కోసం తండ్రి పడే కష్టం నలుగురికీ కనపడాలి కదా, ఇంతకంటే బాగా ఎలా కనపడుతుంది?

అయిదో తరగతి అమ్మాయికి ఇంత శ్రమ అక్కర్లేదు. దాన్ని నవంబరులో, అర్ధ సంవత్సర పరీక్షలకు సరిగ్గా ముందు, హైదరాబాద్‌లో మొత్తం ఫీజు కట్టేశాక బడి మార్పించండి. కొత్త బడిలో మొదటి రోజు దాని పక్కన ఎవరు కూర్చున్నారని అడగడం మరచిపోండి.

11. ఆఫీసుకు చెప్పకండి.

చెబితే ఒప్పుకోకపోవచ్చు. సామాను దింపిన మూడో నెలలో ఒక మెయిలు వస్తుంది, "హైబ్రిడ్" అన్న మాటతో మొదలవుతుంది, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటుంది. ముందే అనుకుని ఉంటే హైదరాబాద్ ఇల్లు వదిలేవాళ్లు కారు, వదలకపోయి ఉంటే ఈ చిట్కాలకు ప్రయోజనమే ఉండేది కాదు.

12. సామాను తక్కువకు వచ్చేవాడికే అప్పగించండి.

ముగ్గురిని అడగండి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి ఫోనులోనే సరేననండి. రాతకోతలు అడిగితే అపనమ్మకం అనుకుంటాడు. లారీ బయల్దేరాక సగం దారిలో ఆపి "లోడింగు వేరే, మేడ ఎక్కించేది వేరే" అంటాడు. ఇవ్వండి. జాబితా రాసుకోలేదు కాబట్టి దిగినప్పుడు ఏం తగ్గిందో తెలియదు, తెలియనిదానికి బాధ లేదు.

సర్దడం గురించి రెండే సూత్రాలు. అట్టపెట్టెల మీద ఏమీ రాయవద్దు. చిన్న జాగా కూడా వదలవద్దు. సర్టిఫికెట్ల ఫైలున్న పెట్టెలో పక్కన ఖాళీ ఉంటే అత్తగారు పంపిన ఆవకాయ జాడీని, మూతికి గుడ్డ కట్టి, అందులో దూర్చండి. మొదటి స్పీడుబ్రేకరు దగ్గర గుడ్డ తడుస్తుంది. కర్నూలు దాటేసరికి నూనె మీ డిగ్రీ పట్టా దాకా వస్తుంది, పదో తరగతి మార్కుల జాబితా మీద ఆవపిండి పేరుకుంటుంది. లెక్కల మార్కులు కనపడవు. కొందరికి అది లాభమే.

సామానంతా ఒకే ఊరికి పంపకండి. బీరువా, డైనింగ్ టేబులు అనంతపురం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ విశాఖ. రేపు నిర్ణయం మార్చుకోవాలంటే వీలుంటుంది.

13. కాగితాల జోలికి వెళ్లకండి.

కారుకు తెలంగాణ నంబరే ఉంచేయండి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిప్పితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం అంటుంది. అందుకు ముందు పాత ఆర్టీయే నుంచి ఎన్‌వోసీ, ఆ తర్వాత కొత్తచోట లైఫ్ ట్యాక్సు. పోలీసు ఆపితే "నిన్ననే వచ్చాం సార్" అనండి. నాలుగో ఏడు కూడా నిన్ననే వచ్చి ఉండండి. ఆధారు హైదరాబాద్‌లో, గ్యాసు ఆవిడ పేరు మీద విశాఖలో, ఓటు ఇంకా అనంతపురంలో ఉన్నాయా? కదపకండి. ఓటేయడానికి వెళ్లే రోజు పాతచోటికే సెలవు పెట్టి వెళ్లొచ్చు. సెలవు దొరక్కపోతే నాయకులను తిట్టే హక్కు మాత్రం అలాగే ఉంటుంది.

14. మొదటి నెల నోరు మూయకండి.

కొత్త ఊళ్లో ప్రతిదాన్నీ పాత ఊరితో పోల్చండి. విశాఖలో ఉంటే కూరలో ఆవపెట్టారేమిటి, పప్పులో కారమేదీ అనండి. అనంతపురంలో ఉంటే చేపలేవీ, వంజరం లేని ఆదివారం ఆదివారమేనా అని ఆవిడ అంటుంది, అననివ్వండి. ఇరుగుపొరుగు పలకరిస్తే "ఇక్కడ ఎక్కువ రోజులుండం లెండి" అని చెప్పండి. తర్వాత వాళ్లు మళ్లీ పలకరించరు. ఊరివాళ్లు కలుపుగోలుగా ఉండరని అప్పుడు ధైర్యంగా అనవచ్చు, సాక్ష్యం ఉంది.

15. కుటుంబం నాలుగు చోట్ల స్థిరపడేదాకా వదలకండి.

పైవన్నీ వరసగా పాటిస్తే ఏడాదిన్నరలో ఫలితం కనపడుతుంది. ఆఫీసు పిలిచింది కాబట్టి మీరు గచ్చిబౌలిలో ఒక హాస్టలు గదిలో, ముగ్గురితో, పైన బంకు మీద ఉంటారు. ఆవిడ, అమ్మాయి సీతమ్మధారలో గీజరున్న పోర్షనులో ఉంటారు. లోకల్ తేలని అబ్బాయి విజయవాడ దగ్గర ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటాడు. బీరువా, డైనింగ్ టేబులు అనంతపురంలో మిద్దె మీద, కొత్త నవారు మంచం పక్కన ఉంటాయి. మీ అమ్మ వాటిని వారానికోసారి తుడుస్తుంది. మూడు చోట్ల కరెంటు బిల్లు, రెండు చోట్ల ఫీజు, ఎక్కడా సముద్రం కనపడని ఒక ఈఎంఐ. రెండు ఊళ్లలో ఒకటే ఎంచుకోవాలని వాదించినవాళ్లు ఇప్పుడు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి.

సంక్రాంతికి అందరూ అనంతపురంలో కలుద్దామని మీరే ప్రకటించండి. విశాఖ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. అమ్మాయీ ఆవిడా అందులో ఎక్కుతారు, విజయవాడలో అబ్బాయి ఎక్కుతాడు, మీరు హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లిపోతారు. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తున్నారు. ఆ పొద్దున అలారం పెట్టుకోకండి. పండక్కి వారం ముందు ఆవిడ ఫోను చేసి టికెట్లు వచ్చాయా అని అడిగితే ఒక్క క్షణం ఆగి, కాస్త నొచ్చుకున్నట్టుగా అనండి: "అదేంటి, నువ్వు తీశావనుకున్నానే."